వానకు బయటపడే వజ్రం ఎక్కడిది? రాయలసీమ, కృష్ణా లోయ పాత గనుల గురించి

మీ ప్రశ్నలో నాలుగు విషయాలున్నాయి. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరికి దొరికే వజ్రాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి, కోహినూర్ నిజంగా మన గనుల్లోదేనా, దొరికిన రాయి వజ్రమో కాదో ఇంటి దగ్గర తేల్చుకునే దారి ఏది, పాత గనుల జాడలు చూడాలంటే ఎటు వెళ్లాలి. ఈ నాలుగింటికీ మూలం ఒక్కటే: వజ్రం పుట్టిన చోటు వేరు, దొరికే చోటు వేరు. ఈ తేడా పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి. పట్టుకోకపోతే పొలంలో మూడు నెలలు తిరిగినా అర్థమయ్యేది ఏమీ ఉండదు.

పుట్టుక సంగతి ముందు. వజ్రం తయారయ్యేది భూమి లోపల సుమారు 150 కిలోమీటర్ల కింద, వెయ్యి డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే వేడిలో, విపరీతమైన ఒత్తిడిలో. అక్కడి నుంచి దాన్ని పైకి మోసుకొచ్చే వాహనం కింబర్లైట్ అనే శిలాద్రవం, కొన్ని చోట్ల దానికి దగ్గరి చుట్టమైన లాంప్రోయిట్. కింబర్లైట్‌లో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, అందుకే అది చాలా వేగంగా పైకి తన్నుకొస్తుంది. నెమ్మదిగా వచ్చి ఉంటే దారిలోనే వజ్రం కరిగిపోయేది, లేదా గ్రాఫైట్‌గా మారేది. ఈ కరుగుదల ఆనవాలు రాయి మీద కనిపిస్తుంది కూడా. ఎనిమిది ముఖాలతో పదునుగా పుట్టిన స్ఫటికం అంచులు అరిగి, ఉబ్బిన ముఖాలతో గుండ్రంగా తయారవుతుంది. చాలామంది దీన్ని ఏటి రాపిడి అనుకుంటారు. ఆ గుండ్రదనంలో ఎక్కువ భాగం పైకి వచ్చే దారిలో శిలాద్రవం చేసిన పని.

అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల ఇలాంటి కింబర్లైట్ గొట్టాలు, అంటే ఆ శిలాద్రవం పైకొచ్చిన దారిలోనే గట్టిపడిన నిలువు రాతి దిమ్మెలు, ఉన్నాయి. వజ్రకరూరు ఊరి దగ్గరివి, లత్తవరం, ములిగిరిపల్లె, వెంకటంపల్లె, అనుంపల్లె దగ్గరివి భూగర్భ శాస్త్రవేత్తలు నంబర్లతో పిలిచేవి. దక్షిణంగా కళ్యాణదుర్గం, తిమ్మసముద్రం, చిగిచెర్ల వైపు మరికొన్ని గుంపులున్నాయి. వజ్రకరూరు గొట్టాల వయసు సుమారు 110 కోట్ల సంవత్సరాలు. తెలంగాణలో నారాయణపేట చుట్టూ కూడా కింబర్లైట్‌లు ఉన్నాయి, కానీ వాటిలో వజ్రం జాడ దాదాపు లేదు. కింబర్లైట్ ఉన్నంత మాత్రాన వజ్రం ఉండాలని ఏమీ లేదు. వజ్రం ఉండే లోతు నుంచి అది బయలుదేరి ఉండాలి, దారిలో దాన్ని కరిగించకుండా తీసుకురావాలి. ప్రపంచంలో తెలిసిన కింబర్లైట్‌లలో గనిగా తవ్వదగ్గవి చాలా కొద్ది. వజ్రకరూరు గొట్టాల్లో వజ్రాలు ఉన్నాయి, అయినా ఖర్చుకు తగినంత లేవు. మన కాలంలో దేశంలో యంత్రాలతో తవ్విన వజ్రాల గని అంటే మధ్యప్రదేశ్ పన్నా దగ్గరి మజ్‌గవాన్ ఒక్కటే.

ఇక్కడే అసలు విషయం ఉంది. వజ్రకరూరులో ఇప్పుడు నేల మీద కనిపించేది ఎక్కువగా గొట్టం అడుగు భాగం. పై భాగమంతా కోట్ల ఏళ్ల వానలకు, వాగులకు కొట్టుకుపోయింది. కింబర్లైట్ మెత్తని రాయి, గాలికి నీటికి త్వరగా బంకమట్టిగా మారిపోతుంది. వజ్రం మాత్రం మారదు. కాబట్టి ఆ పై భాగంలో ఉన్న వజ్రాలన్నీ ఎక్కడికో వెళ్లాలి. అవి వెళ్లిన చోట్లే మన చరిత్రలోని గనులు. గోల్కొండ రాజ్యం నాటి గనివాళ్లు తవ్వింది గొట్టాలను కాదు, ఇలా తరలిపోయి మళ్లీ పోగైన గులకరాళ్ల పొరలను.

ఆ పొరలు రెండు రకాలు. ఒకటి రాయిగా గట్టిపడినది, రెండోది ఇంకా వదులుగా ఉన్న ఏటి కంకర.

గట్టిపడిన పొరకు పేరు బనగానపల్లె కాంగ్లోమరేట్. కడప శిలల మీద, మధ్యలో పెద్ద కాలవ్యవధి తర్వాత, కర్నూలు శిలలు పరుచుకున్నాయి. కింది నుంచి పైకి వాటి వరస: బనగానపల్లె క్వార్ట్‌జైట్ (బాగా గట్టిపడిన ఇసుకరాయి), నార్జి సున్నపురాయి, ఔకు షేల్ (పొరలు పొరలుగా ఉండే మట్టిరాయి), పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. మన ఇళ్లలో పరిచే బేతంచర్ల బండలు ఈ నార్జి సున్నపురాయే. అన్నిటికన్నా కింద ఉన్న బనగానపల్లె క్వార్ట్‌జైట్ అడుగున గులకరాళ్లు సిమెంటు పోసినట్టు అతుక్కుపోయిన ఒక సన్నటి పొర ఉంటుంది. చేతిలోకి ముక్క తీసుకుని చూడండి. తెల్ల పలుగురాయి, ఎర్రటి జాస్పర్, బూడిదరంగు చెర్ట్ గులకలు, మధ్యలో ఇసుక గట్టిపడిన గచ్చు. వజ్రం ఉండేది ఈ గచ్చులో, గులకల సందుల్లో. మందం చాలా చోట్ల కొన్ని అంగుళాలే. పాతవాళ్లు పై క్వార్ట్‌జైట్‌లోంచి లోతు తక్కువ బావులు దింపి, ఈ పొర తగలగానే దాన్ని పట్టుకుని పక్కకు సొరంగాలు తీసుకుంటూ పోయేవారు. కప్పు కూలకుండా మధ్యలో రాతి స్తంభాలు వదిలేవారు. తీసిన ముక్కలను పైన బండ మీద దంచి, కడిగి, ఏరేవారు. 1872లో భూగర్భ సర్వే తరఫున విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన నివేదికలో ఈ పనులను వివరంగా నమోదు చేశాడు. ఈ ప్రాంతం మీద పనిచేసే ఎవరికైనా ఇప్పటికీ అదే మొదటి మెట్టు.

దంచడంలో ఒక చిక్కు ఉంది. వజ్రం గట్టిదే కానీ పెళుసు. నాలుగు దిశల్లో చక్కగా చీలే గుణం దానికి ఉంది. సుత్తి దెబ్బ ఆ దిశలో పడితే రెండు ముక్కలవుతుంది. 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే, తాను ‘రావుల్కొండ’ అని రాసిన గనిలో రాతి సందుల్లోని మట్టిని కొక్కెం కడ్డీలతో గీకి తీసేవారని, రాయిని పగలగొట్టే దెబ్బలకు వజ్రాల్లో పగుళ్లు వచ్చేవని స్పష్టంగా చెప్పాడు. ఆ గని వెల్దుర్తి దగ్గరి రామళ్లకోట అని కొందరు, రాయచూరు వైపుదని మరికొందరు అంటారు. గోల్కొండ నుంచి ఐదు రోజుల ప్రయాణం, బీజాపూర్ నుంచి ఎనిమిదీ తొమ్మిది రోజులు అని అతను ఇచ్చిన దూరాలు రెండు వాదాలనూ పూర్తిగా తేల్చవు.

రెండో రకం, వదులు కంకర. కృష్ణా ఒడ్డున కొల్లూరు, పరిటాల, గని ఆత్కూరు, పెన్న ఒడ్డున చెన్నూరు ఈ కోవలోవి. కొల్లూరు పనితీరు గురించి తావెర్నియే రాసినది చదివితే ఎంత పద్ధతిగా చేసేవారో తెలుస్తుంది. తవ్వే చోటు పక్కనే ఇంకాస్త పెద్ద చోటు చదును చేసి చుట్టూ రెండడుగుల గోడ కట్టేవారు, గోడ అడుగున నీరు పోయే తూములు వదిలేవారు. మగవాళ్లు 10 నుంచి 14 అడుగుల దాకా తవ్వేవారు. నీరు పడిందంటే ఇక అక్కడ ఆశ లేదన్నమాట. ఆడవాళ్లు, పిల్లలు ఆ మట్టిని గంపల్లో మోసుకొచ్చి గోడ లోపల పోసేవారు. నీళ్లు నింపి, మట్టి నాని చారు అయ్యాక తూములు తెరిచి బురద వదిలేవారు. మిగిలిన ఇసుక, గులకలు ఎండలో ఆరాక చేటలతో చెరిగేవారు. గడ్డలను రోకళ్లతో చితక్కొట్టి మళ్లీ చెరిగేవారు. చివరికి వరసగా కూర్చుని చేత్తో ఏరేవారు. నూర్పిడి కళ్లంలో చేసే పనే ఇది. జొన్న, సజ్జ పండించే చేతులకు కొత్తగా నేర్చుకోవలసింది దాదాపు ఏమీ లేదు. ఆ గని బయటపడింది కూడా ఒక పేదవాడు విత్తనానికి నేల సిద్ధం చేస్తుంటే 25 క్యారెట్ల దాకా తూగే రాయి దొరికినప్పుడేనని తావెర్నియే విన్నాడు. అతని లెక్కలో కొల్లూరులో పనిచేసేవారు 60,000 మంది. అతనికన్నా ముందు వచ్చిన ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్వోల్డ్ 30,000 అన్నాడు. పది క్యారెట్లు దాటిన రాయి రాజుకే చెందాలన్న షరతు ఉండేదని రాసింది ఇతనే. ఈ అంకెలు కంటి అంచనాలు, కచ్చితమైన జనాభా లెక్కలుగా వాడకండి. 1677లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన నివేదిక గోల్కొండ రాజ్యంలో 23 గనులు, బీజాపూర్ రాజ్యంలో 15 గనులు లెక్క చెప్పింది. గోల్కొండ కోట దగ్గర మాత్రం గని లేదు. అక్కడ జరిగింది వ్యాపారం, సాన, పన్ను వసూలు. 1687లో రాజ్యం ఔరంగజేబు వశమైంది. 1720ల్లో బ్రెజిల్ వజ్రాలు మార్కెట్లోకి వచ్చాక ఈ గనుల వెలుగు తగ్గిపోయింది.

పెద్ద వజ్రాల పుట్టుక విషయంలో పత్రికలు రాసేదానికి, ఆధారం ఉన్నదానికి చాలా దూరం. గ్రేట్ మొఘల్ అనే రాయి కొల్లూరుదని చెప్పడానికి ఆ కాలపు సాక్ష్యం ఉంది. గోల్కొండ వజీరు మీర్ జుమ్లా మొఘల్ దర్బారుకు ఇచ్చిన ఆ రాయి ఆ గనిలో దొరికిందని తావెర్నియే రాశాడు, 1665లో దాన్ని కళ్లారా చూశాడు. రీజెంట్ వజ్రం ముడిరాయిగా 410 క్యారెట్లు. మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్నాడు, సాన పట్టాక 140 క్యారెట్లకు పైన మిగిలింది, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అది పరిటాలదని కొందరు, కొల్లూరుదని కొందరు. ఏదైనా కృష్ణా లోయదే. తావెర్నియే 1668లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి వజ్రమే తర్వాత కోతలు పడి 45.52 క్యారెట్ల హోప్ వజ్రం అయింది, కానీ ఏ గనిలో కొన్నాడో అతను రాయలేదు. కోహినూర్ చరిత్ర గట్టిగా పట్టుకోగలిగేది 1739లో నాదిర్ షా ఢిల్లీ దోపిడీ దగ్గర నుంచే. అంతకుముందు దాన్ని బాబరు తన ఆత్మకథలో చెప్పిన వజ్రంతో కలపడం వివాదాస్పదం, కొల్లూరుతో కలపడం సంప్రదాయం. 1852లో తిరిగి సాన పట్టినప్పుడు అది 186 నుంచి 105.6 క్యారెట్లకు తగ్గింది. కోహినూర్ మన నేలదని అనిపించడానికి కారణాలు బలమైనవే, ఎందుకంటే ఆ కాలంలో అంత పెద్ద వజ్రాలు వచ్చిన చోట్లు ప్రపంచంలో వేరే పెద్దగా లేవు. అయినా కొల్లూరులో దొరికిందని పాఠంలా చెప్పడం సరికాదు. పిల్లలకు చెప్పేటప్పుడైనా ‘అంటారు’ అని చేర్చండి.

దీనికి సంబంధించి నగల దుకాణంలో ఒక జాగ్రత్త. కొన్ని ల్యాబు నివేదికల్లో, వేలం కాగితాల్లో ‘గోల్కొండ’ అన్న మాట కనిపిస్తుంది. అది చాలాసార్లు నత్రజని దాదాపు లేని, టైప్ టూ ఏ అనే తరగతి వజ్రం నీటిలాంటి స్వచ్ఛతకు పెట్టిన పేరు. ఆ తరగతి రాళ్లు దక్షిణాఫ్రికాలోని కల్లినన్ గనిలోనూ, లెసోతోలోనూ వస్తాయి. ఆ మాట ఒక్కటే చూసి మన గనిలో పుట్టిందని అదనపు ధర ఇవ్వకండి. నగ వయసు, చేతులు మారిన కాగితాలు ఉంటేనే పుట్టుక గురించి ఏమైనా చెప్పగలం.

ఇక పొలాల సంగతి. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, పెరవలి, పగిడిరాయి పరిసరాల్లో దొరికే రాళ్లు రెండు దారుల్లో వచ్చి ఉండొచ్చు: చుట్టుపక్కల కింబర్లైట్‌లు అరిగి నేరుగా నేలలోకి చేరినవి, పాత గులకరాళ్ల పొరలు విడిపోయి వాగుల వెంట చెదిరినవి. ఏ రాయి ఏ దారిదో చెప్పాలంటే అది దొరికిన చోటు కచ్చితంగా తెలియాలి, పక్కనున్న మట్టిలో బరువు ఖనిజాలు ఏమున్నాయో చూడాలి. దురదృష్టం ఏమిటంటే దొరికిన రాళ్లలో అత్యధికం చోటు చెప్పకుండానే చేతులు మారిపోతాయి. వంద రాళ్ల స్థానాలు నిజాయితీగా నమోదై ఉంటే ఇప్పటికి మూలం ఎక్కడో చాలా వరకు తేలిపోయేది.

వాన ఎందుకు కావాలి? పొడి నేలలో ప్రతి రాయి మీదా ఎర్రమట్టి పొర ఉంటుంది. జోరుగా పడిన తొలి వాన సన్నమట్టిని కడిగి తీసుకుపోతుంది, గులకలు మిగులుతాయి. దుక్కి దున్నినప్పుడు కింది మట్టి పైకి వస్తుంది కాబట్టి దున్నిన తర్వాత పడ్డ మొదటి వాన మంచిది. వాన వెలిసి నేల ఇంకా తడిగా ఉండగా, పొద్దున గానీ సాయంత్రం గానీ, సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు, వెలుగు మీ ముందు నుంచి వచ్చేలా నడవాలి. వజ్రం ముఖం నీటికి తడవదు, చుక్కలుగా జారిపోతుంది, అందుకే తడి గులకల మధ్య అది వేరే రకంగా మెరుస్తుంది. ఎత్తు నుంచి పల్లానికి దిగే చోట, చిన్న కయ్యల అడుగున, గులక పేరుకున్న గీతల వెంట చూడండి. నల్లరేగడి మందంగా ఉన్న చోట వెతకడం వృథా, రాయి పైకి తేలదు. వేరుశనగ, పత్తి మొలిచిన పొలంలోకి దిగొద్దు. ప్రతి ఏటా రైతులకూ వెతికేవాళ్లకూ తగాదాలు వచ్చేది ఇక్కడే, తప్పు రైతుది కాదు.

నేల మీద ఏరడం కాకుండా కంకర కడిగి చూడాలనుకుంటే భూమి యజమాని ఒప్పుకోలు తప్పనిసరి, నేల తవ్వాల్సి వస్తే చివర్లో చెప్పిన చట్టం కూడా చూసుకోవాలి. చిన్న పరీక్షకు 20 లీటర్ల బకెట్లు నాలుగైదు చాలు. కంకరను పై నుంచి కాకుండా గట్టి రాయి లేదా సుద్ద మీద కూర్చున్న అడుగు పొర నుంచి తీయాలి, బరువు ఖనిజాలు అక్కడికే దిగుతాయి. బంకమట్టి ఎక్కువగా ఉంటే ఒక రాత్రి నానబెట్టండి. గడ్డలు విడిపోకుండా కడిగితే ఆ గడ్డలే రాళ్లను తమతో కొట్టుకుపోతాయి. చాలామంది చేసే పొరపాటు ఇదే. 20 మిల్లీమీటర్ల జల్లెడ మీద మిగిలినది కంటితో చూసి పారేయండి. తర్వాత 10, 5, 2 మిల్లీమీటర్ల జల్లెడలు. ఒక్కో సైజును విడిగా ఆడించాలి, కలిపి ఆడిస్తే పెద్ద పలుగురాయి చిన్న వజ్రంకన్నా ముందు కిందికి దిగుతుంది, పనంతా పాడవుతుంది.

ఆడించడం అంటే, గుండ్రటి జల్లెడను నీటి డ్రమ్ములో ముంచి రెండు చేతులతో పైకీ కిందికీ గట్టిగా కుదుపుతూ, కుదుపుకు కొంచెం చొప్పున తిప్పుతూ పోవడం. 30, 40 కుదుపుల తర్వాత బరువు గింజలు జల్లెడ అడుగున మధ్యకు చేరతాయి. నీరు కారిపోయాక ఒక్క ఊపులో గోనెసంచి మీద బోర్లా వేయండి. ఇప్పుడు అడుగు పైకి వచ్చింది. మధ్యలో నల్లటి, ఎర్రటి గింజలతో ఒక చుక్క కనబడాలి. వజ్రం సాపేక్ష సాంద్రత (అదే పరిమాణం నీటికన్నా ఎన్ని రెట్లు బరువో) 3.52, పలుగురాయిది 2.65, అందుకే వజ్రం ఉంటే ఆ చుక్కలోనే ఉంటుంది. చుక్క ఏర్పడలేదంటే మీ చెయ్యి కుదరలేదో, కంకరలో బరువు ఖనిజాలే లేవో తెలియదు. దానికి ఒక ఉపాయం ఉంది. 3 మిల్లీమీటర్ల గార్నెట్ ముక్కలు పది ముందే కంకరలో కలపండి. ఎనిమిదికి తగ్గకుండా మధ్యకు వస్తే మీ పద్ధతి సరైనది. అంతకన్నా తక్కువ వస్తే కుదుపు మార్చండి.

ఆ చుక్కను పారేయకండి. వజ్రం లేకపోయినా అందులో విలువైన సమాచారం ఉంది. కింబర్లైట్‌తో పాటు పైకి వచ్చే ఖనిజాలు కొన్ని ఉన్నాయి: ఊదా కలిసిన ఎరుపు రంగు పైరోప్ గార్నెట్, నల్లగా నిగనిగలాడే మెగ్నీషియం ఇల్మనైట్, పచ్చగా మెరిసే క్రోమ్ డయాప్సైడ్. వీటిలో డయాప్సైడ్ త్వరగా పాడైపోతుంది, కాబట్టి అది తాజాగా కనబడిందంటే మూలం దగ్గర్లోనే ఉందని అర్థం. మామూలు గార్నెట్ గ్నైస్, షిస్టు అనే మన ప్రాంతపు పాత రాళ్లలోనూ వస్తుంది, దాని రంగు ఇటుక ఎరుపు వైపు, గోధుమ వైపు ఉంటుంది. కంటితో చూసి తేల్చేయకండి, చివరి మాట ల్యాబులో రసాయన విశ్లేషణదే.

ఇప్పుడు దొరికిన రాయిని పరీక్షించడం. అన్నిటికన్నా ముందు, సుత్తితో కొట్టి చూడొద్దు. ‘పగలకపోతే వజ్రం’ అన్నది అబద్ధం, పైన చెప్పినట్టు వజ్రం చీలుతుంది. గాజు మీద గీత పడిందా అని చూడడం కూడా పనికిరాదు. వజ్రానికి పది వేసే మోస్ కొలతలో గాజు కాఠిన్యం ఐదున్నర, పలుగురాయిది 7, కాబట్టి ప్రతి పలుగురాయీ గాజును గీస్తుంది. ఇంట్లో వజ్రమని దాచుకున్న రాళ్లలో అత్యధికం పలుగురాళ్లే కావడానికి కారణం ఈ గాజు పరీక్షే.

ముందు పదింతల భూతద్దంతో ఆకారం చూడండి. పలుగు స్ఫటికానికి ఆరు పలకల కాండం ఉంటుంది, ఆ పలకల మీద అడ్డంగా సన్నటి గీతలు ఉంటాయి. వజ్రానికి ఎనిమిది ముఖాలు, లేదా ఉబ్బిన గుండ్రటి ముఖాలు. ఎనిమిది ముఖాల రాయిలో ముఖం మీద బొత్తిగా చిన్న త్రికోణపు గుంటలు కనిపిస్తాయి. ఆ త్రికోణాలు కనబడితే సగం నమ్మకం వచ్చినట్టే. మెరుపు నూనె రాసినట్టుగా, లోహానికి దగ్గరగా ఉంటుంది. గాజు మెరుపు కాదు.

తర్వాత సాంద్రత. ఇది ఇంట్లో చేయగలిగిన వాటిలో అత్యంత నమ్మదగ్గ పరీక్ష, సరిగా చేస్తేనే. రాయిని గాలిలో తూచండి, సన్నటి దారంతో కట్టి నీటిలో మునిగేలా వేలాడదీసి మళ్లీ తూచండి. గాలిలో బరువును, నీటిలో తగ్గిన బరువుతో భాగించండి. ఒక గ్రాము వజ్రం నీటిలో 0.716 గ్రాములు చూపిస్తుంది, అదే ఒక గ్రాము పలుగురాయి 0.623. తేడా స్పష్టం. కానీ ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములే. అంత చిన్న రాయి నీటిలో కోల్పోయేది 0.057 గ్రాములు. వంటింటి తూకం కాదు సరికదా, 0.01 గ్రాము చూపే త్రాసుతో కూడా ఫలితం ఐదోవంతు దాకా తప్పొచ్చు. మిల్లీగ్రాము చూపే త్రాసు కావాలి. నీటిలో ఒక చుక్క సబ్బు ద్రవం వేయండి, లేకపోతే రాయికి అంటిన గాలి బుడగ బరువు తగ్గించి చూపి మోసం చేస్తుంది. ఇంకో చిక్కు, తెల్ల పుష్యరాగం (టోపాజ్) సాంద్రత కూడా 3.5 దగ్గరే. అంటే 3.5 వస్తే పలుగురాయి కాదని మాత్రమే తేలింది. పుష్యరాగం కాఠిన్యం 8. అది కురువిందాన్ని (కెంపు, నీలం జాతి రాయి) గీయలేదు, వజ్రం గీస్తుంది. జిర్కాన్ అయితే 4.6 దాకా పోతుంది.

గ్రీజు పరీక్ష దక్షిణాఫ్రికా గనుల్లో పుట్టిన పద్ధతి. గాజు పలక మీద పల్చగా వాజిలిన్ రాసి, కొంచెం వాలుగా పెట్టి, మీదుగా నీళ్లు పారనివ్వండి. వజ్రం అతుక్కుంటుంది, పలుగురాయి జారిపోతుంది. రాయి మీద సున్నపు పొర ఉంటే వజ్రం కూడా జారిపోతుంది. మన మెట్ట నేలల్లో సున్నం ఎక్కువ కాబట్టి ఆ పొర ఉండే అవకాశం ఉంది. ముందు ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి కడగండి, వజ్రానికి ఏమీ కాదు. రాయి వేడిని ఎంత త్వరగా లాగుతుందో చూసే పెన్ను లాంటి టెస్టరు వాడితే, ముడిరాయి గరుకు ముఖం మీద అది తప్పు చెప్పగలదు. చదునైన ముఖం చూసుకుని, రాయిని వేళ్లతో కాకుండా లోహపు గుంటలో నిలబెట్టి, మూడు నాలుగు చోట్ల పెట్టి చూడండి. అమ్మకానికి వచ్చిన రాయి అయితే వజ్రంలా కనిపించే మొయిసనైట్ అనే కృత్రిమ రాయి కూడా ఆ టెస్టరులో వజ్రంలాగే పలుకుతుంది. అతినీలలోహిత దీపం కింద మెరిసిందా లేదా అన్నది పరీక్ష కిందికి రాదు, మెరవని వజ్రాలు బోలెడు.

పాత గనుల జాడలకు. కొల్లూరు పులిచింతల జలాశయంలో మునిగిపోయింది, ఇప్పుడు అక్కడికి వెళ్లి చూసేది నీరే. ప్రపంచ వజ్రాల చరిత్రలో అంత పేరున్న చోటుకు మునిగే ముందు పూర్తిస్థాయి పటం, తవ్వకాల నమోదు జరిగి ఉండాల్సింది. పరిటాల విజయవాడ–హైదరాబాద్ రహదారి మీదే ఉంది. బనగానపల్లె చుట్టుపక్కల గుట్టలు, మునిమడుగు, రామళ్లకోట ప్రాంతాల్లో క్వార్ట్‌జైట్ మీద పాత గుంతలు వెతకవచ్చు. గుంతను ఎలా గుర్తుపట్టాలంటే, అంచు చుట్టూ ఒకే సైజు గులకల కుప్ప ఉంటుంది, సన్నమట్టి ఉండదు, ఎందుకంటే దాన్ని కడిగేశారు. సహజంగా కొట్టుకొచ్చిన కంకరలో పెద్దవీ చిన్నవీ కలిసే ఉంటాయి. సొరంగం నోరు కనబడినా లోపలికి వెళ్లొద్దు. రాతి స్తంభాల్లో కొన్నిటిని తర్వాత వచ్చినవాళ్లు తొలిచేసి ఉండొచ్చు, గాలి ఆడని మూలల్లో ఊపిరాడదు, వానాకాలం పాములు ఉంటాయి.

పత్తికొండ వైపు వెళ్తే ఎర్రగుడి అశోక శాసనాలు కూడా చూడండి. వాటిని 1920ల చివర మొదట గుర్తించింది భూగర్భ శాస్త్రవేత్త. అది రక్షిత స్థలం, బండల మీద గీతలు గీయడం, చుట్టుపక్కల తవ్వడం నేరం. ఆంధ్రలో మంగంపేట బెరైటీస్‌కు, తిరుమల కొండ శిలల అసమతలానికి (వయసులో చాలా తేడా ఉన్న రెండు శిలలు కలిసే హద్దుకు) జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తింపు ఉంది. బనగానపల్లె కాంగ్లోమరేట్ పాత తవ్వకాలతో సహా బయటపడి ఉన్న ఒక్క గుట్టనైనా అలా కాపాడుకోవడం అవసరం. క్వారీలు పెరుగుతున్న కొద్దీ ఆ అవకాశం తగ్గుతోంది.

చట్టం విషయం. పొలంలో నేల మీద కనబడిన ఒక రాయిని ఏరడం వేరు, వజ్రం కోసం నేల తవ్వడం వేరు. తవ్వకానికి 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కింద లీజు కావాలి. రిజర్వు అడవిలో రాయి తీయడానికి కూడా అనుమతి కావాలి. కొనే వ్యాపారి చెప్పిన మొదటి ధరకే అమ్మేయకండి. రాయి మీ చేతిలో ఉండగా రత్నాల ల్యాబులో తూకం, రకం రాయించుకుని, ఆ కాగితంతో ఇద్దరు ముగ్గురి దగ్గర ధర అడగండి. తూకం మీ కళ్ల ముందే జరగాలి, క్యారెట్లలో రెండు దశాంశాల దాకా రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, రాయి ఎత్తే ముందు ఫోన్‌లో దాని స్థానం సేవ్ చేసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి అది పడి ఉన్న చోటే రెండు ఫోటోలు తీయండి. పొలం సర్వే నంబరు, నేల రంగు, దగ్గరి వాగు ఎటు పారుతుందో, అక్కడి గులకలు ఏ రకమో రెండు ముక్కలు రాయండి. ఆ చోటి మట్టి కిలో ఒక సంచిలో కట్టి అదే నంబరు వేయండి. రాయి అమ్ముకున్నా ఆ సంచి, ఆ కాగితం మీ దగ్గర ఉంచి, జిల్లా గనుల శాఖ కార్యాలయానికి గానీ భూగర్భ సర్వే కార్యాలయానికి గానీ ఇవ్వండి.